రెండు గొడుగుల మనిషి

అతను రెండు గొడుగులతో వచ్చిన రోజే ఆమెకు అనుమానం మొదలైంది.

వానలో ఆడపిల్లను కలవడానికి వచ్చే మగవాడు ఎవడైనా ఒక్క గొడుగే తెస్తాడు. మతిమరుపు మనిషైతే అసలు తేడు. రెండు తెచ్చి, ఒకటి ఆమె చేతిలో పెట్టి, "పదండి" అని పక్కన నడిచేవాడు లోకంలో ఉండడు. ఉంటే గింటే ఆమె రాతల్లోనే ఉండాలి. ఎందుకంటే నాలుగేళ్ల కిందట ఆమే రాసింది: "ఒకే గొడుగు కింద ఇద్దరు సగం సగం తడిస్తే అది ప్రేమ కాదు, జలుబు. మనసున్న హీరో ఎవడైనా రెండో గొడుగు తెచ్చి చూపించమనండి, లేచి నిలబడి చప్పట్లు కొడతాను."

చప్పట్లు కొట్టలేదు సరికదా, ఆ గొడుగు పట్టుకుని బస్టాపు దాకా నడిచినంతసేపూ ఆమెకు ఒళ్లు జలదరిస్తూనే ఉంది.

ఆమె కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేసే మనిషి. పదకొండేళ్లుగా అదే పని. మేడ మీద చీకటి గదిలో మనుషులను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దం మార్చి అద్దం పెడుతూ "ఇది బావుందా, ముందుది బావుందా?" అని అడుగుతుంది. ఈ పదకొండేళ్లలో ఆమెకు తెలిసొచ్చింది ఒక్కటే. జనం అబద్ధమాడతారు. కనిపించకపోతే పరువు పోతుందేమో అన్నట్టు, ఆఖరి వరసలో అక్షరాలు ఊహించి చెప్పేస్తారు. చదువుకున్నవాళ్లయితే మరీను. అందుకే కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకూ ఒకే మాట చెబుతుంది. "ఇదేం పరీక్ష కాదండీ. కనిపించకపోతే కనిపించలేదనండి. నటించకండి. నటించి పాసైతే నేను తప్పు అద్దాలు అంటగడతాను."

ఇంటికొచ్చాక ఆమెకు ఇంకో ఉద్యోగం ఉంది. దానికి జీతం లేదు. 'ముక్కుసూటి' అనే పేరుతో ఒక సైటు నడుపుతుంది. ఎవరూ చూడని అనిమేలూ, అంటే జపాను కార్టూన్ సీరియళ్లూ, షాపుల్లో అట్టడుగు అరలో దుమ్ము కొట్టుకుపోయే ప్రేమ కామిక్కులూ చదివి, మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. అందరూ మెచ్చుకునేవాటి జోలికి పోదు. వాటికి ఎలాగూ చుట్టాలెక్కువ.

'చివరి ట్రాము' అనే పన్నెండు భాగాల అనిమే గురించి ఇలా రాసింది: "దీన్ని చప్పగా ఉందన్నవాళ్లంతా తొమ్మిదో భాగం దాకా రాలేదని నా నమ్మకం. కోపంతో ముఖం తిప్పుకున్న పిల్లను ట్రాము డ్రైవరు బతిమాలడు, బుజ్జగించడు, గద్దించడు. 'కోపం తీరాక చెప్పు, అందాకా బండి తుడుచుకుంటుంటా' అంటాడు. ఆడవాళ్ల కోపానికి ఇంత మర్యాద ఇచ్చినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు."

'నాలుగో బల్ల' అనే కామిక్కు గురించైతే: "బొమ్మలు బాగాలేవు, ఒప్పుకుంటాను. హీరోకు ఒక పేజీలో అయిదు వేళ్లు, ఇంకో పేజీలో ఆరు. అయినా మూడో పుస్తకంలో ఆమె కోసం కమలాపండు ఒలిచి, తొనల మీది తెల్ల పీచు ఒక్కొక్కటే తీసి రుమాలు మీద వరసగా పేర్చే ఆ రెండు పేజీల కోసం ఆరువేళ్లవాణ్ణి క్షమించేశాను." ఏది రాసినా చివర ఒకే మాట ఉంటుంది: నచ్చకపోతే నచ్చలేదనండి. నటించకండి.

ఆ ముక్కుసూటి ఈమేనని అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియదనే ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

అతను లిఫ్టు మెకానిక్కు. మూడు నెలల కిందట తలనొప్పి అంటూ షాపుకొచ్చాడు. కళ్లద్దాలు తీసుకెళ్లినవాడు ముక్కు దగ్గర వదులైందని ఒకసారి, స్క్రూ ఊడిందని ఇంకోసారి వచ్చాడు. తరవాత ఏ వంకా లేకుండానే రావడం మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం పార్కు బెంచీ మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. అతను జేబులోంచి కమలాపండు తీసి, ఒళ్లో కాగితం పరుచుకుని ఒలిచేవాడు. తొనల మీది పీచు శ్రద్ధగా తీసి, ఆ పీచు తన నోట్లో వేసుకుంటూ, తొనలు ఆమెకిచ్చేవాడు. ఒకరోజు ఆమెకు కోపమొస్తే, "కోపం తీరాక ఫోన్ చెయ్యండి, నాకు తొందరేం లేదు" అన్నాడు. ఆ పూట ఆమె గాల్లో తేలిపోయింది. ఇప్పుడు గొడుగు సంగతి చూశాక, తేలిన చోటినుంచి కింద పడింది.

మొన్న ఆదివారం అతను పెళ్లి మాటెత్తాడు. "ఆలోచించుకుని వచ్చే ఆదివారం చెప్పండి" అన్నాడు. అతనంటే ఆమెకు ఇష్టమే. అసలు చిక్కంతా అదే. తనకు నచ్చింది ఆ మనిషేనా, లేక తాను రాసిన ముక్కలన్నీ ఏరి కుట్టుకున్న బొమ్మా?

గొడుగులు తెచ్చిన ఆ సోమవారం ఆమె బస్టాపునుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్లింది. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అతనికి నా సైటు సంగతి నువ్వేమైనా చెప్పావా?"

"నీ సైటు నేనే చదవను, ఊళ్లోవాళ్లకు పంచిపెడతానా? ఆ బొమ్మల పుస్తకాల గోల నాకెందుకే!"

"మరి రెండు గొడుగులెందుకు తెచ్చాడు?"

"వాన పడిందిగా."

"రెండెందుకు?"

"మీరిద్దరున్నారుగా!" అక్క మడత ఆపింది. "ఒసేయ్, మీ బావ ఇన్నేళ్లలో నాకు ఒక్క గొడుగు పట్టిన పాపాన పోలేదు. నీకు రెండు తెచ్చినా తప్పేనా?"

"మధ్యలో నన్నెందుకు లాగుతారు?" పక్క గదిలోంచి బావ గొంతు.

"బావ కూడా అప్పట్లో నడకంటే ప్రాణమన్నాడుగా" అంది చెల్లెలు గొంతు తగ్గించి. "నీకు నడక ఇష్టమని తెలిసి, నీతోపాటు ఊరంతా తిరిగాడు. ఇప్పుడు వీధి చివర షాపుకైనా బండి తీస్తాడు."

అక్క చేతిలో చొక్కాను రెండుసార్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. "అది వేరులే" అంది. ఎలా వేరో మాత్రం చెప్పలేదు.

మర్నాడు షాపులో ఆమె అతని కార్డు వెతికి తీసింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమే రాసిన కార్డు. 'ఫోనులో చిన్న అక్షరాలు చదివితే తలనొప్పి. రోజూ గంట, గంటన్నర.'  లిఫ్టులు బాగుచేసే మనిషి ఫోనులో రోజూ గంటన్నర ఏం చదువుతాడు? ముక్కుసూటి సైటులో అక్షరాలు మరీ చిన్నవని పాఠకులు ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు.

వెంటనే ఫోన్ చేసి, ఏమీ ఎరగనట్టు అడిగింది. "మీకు చదివే అలవాటుందా?"

"ఆ... ఏవో... మెషిన్ల పుస్తకాలూ అవీ" అని అతను నీళ్లు నమిలాడు.

సరే, అలాగే కానీ అనుకుందామె. ఆ మంగళవారం, సైటు పెట్టినప్పటినుంచీ చేయని పని చేసింది. అబద్ధం రాసింది.

'ఐదో అంతస్తు' అని ఒక కామిక్కు ఉంది. దాన్నిండా హీరో తాను మనసుపడ్డ పిల్ల ఆఫీసు కింద నిలబడి, ఆమె దిగొచ్చేదాకా పేరు పెట్టి అరుస్తూ ఉంటాడు. చదివిన రోజే ఆమెకు దాన్ని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. ఇప్పుడు దాని గురించి రాసింది: "అందరూ తిట్టిన ఈ పుస్తకాన్ని నేను వెనకేసుకొస్తాను. సిగ్గు విడిచి వీధిలో నిలబడి పిలవగలిగితేనే ప్రేమ. కిందికి దిగని పిల్లదే తప్పు." చివర అలవాటైన మాట రాయబోతే చెయ్యి రాలేదు. అది లేకుండానే పెట్టేసింది.

లెక్క సులువు. అతను వచ్చి షాపు కింద అరిచాడా, దొంగ దొరికినట్టే. అరవలేదా, ఆదివారం హాయిగా 'ఊఁ' అనేయొచ్చు.

బుధవారం కింద ఎవరో గట్టిగా కేకేశారు. చేతిలో అద్దం జారిపోతున్నా చూసుకోకుండా ఆమె కిటికీ దగ్గరకు పరుగెత్తింది. ఎదురుమేడ ఆవిడ కూతుర్ని పిలుస్తోంది. గురువారం ఇంకో కేక. బండి అడ్డం తీయమని ఎవరో ఎవర్నో తిడుతున్నాడు. రెండు రోజుల్లో ఆమె వీధిలో వినిపించే ప్రతి మగగొంతునూ అనుమానించింది.

శుక్రవారం మధ్యాహ్నం కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన ముక్కు మీద ఫ్రేము పెట్టి, సందు చూసుకుని ఫోను తీసింది. అబద్ధం కింద కొత్త ఉత్తరం ఒకటి కనిపించింది. రాసిన పిల్ల 'చిన్నపిచ్చుక' అనే పేరుతో రెండేళ్లుగా చదువుతోంది.

"అక్కా, మా హాస్టల్ కింద ఒకతను వారం రోజులుగా నిలబడి నా పేరు పెట్టి అరుస్తున్నాడు. భయమేసి వార్డెన్ గారికి చెబుదామనుకున్నా. మీరు ఇది రాశాక నాదే తప్పేమో అనిపిస్తోంది. మీరు ఎప్పుడూ అబద్ధం రాయరు కదా. ఈ సాయంత్రం దిగి మాట్లాడతాను."

ఆమె ఆ ఉత్తరాన్ని మొదటినుంచీ మళ్లీ చదివింది.

"ఏమ్మా, ఇది బావుందా ముందుది బావుందా అని అడగవేం?" అన్నాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం బాబాయిగారూ."

వల తీసేస్తే అతని సంగతి ఎప్పటికీ తేలదు. ఆదివారం కళ్లకు గంతలు కట్టుకుని జవాబు చెప్పాలి. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది. నిలబడే రాసింది: "మంగళవారం నేను రాసింది పచ్చి అబద్ధం. ఒక మనిషి మీద అనుమానంతో, అతన్ని పట్టుకోవడానికి రాశాను. వీధిలో నిలబడి అరవడం ప్రేమ కాదు, దౌర్జన్యం. చిన్నపిచ్చుకా, దిగకు. ఇప్పుడే వార్డెన్ గారి దగ్గరకు వెళ్లు. తప్పు నీది కాదు, నాది. నచ్చకపోతే నచ్చలేదనండి. నటించకండి. ఈ మాట ముందు నాకు నేను చెప్పుకోవాల్సింది."

జవాబు అయిదున్నరకు వచ్చింది. అప్పటిదాకా ఆమె ఎవరి చూపు పరీక్షించిందో, ఏ నంబరు రాసిందో, అన్నీ మర్నాడు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. "వార్డెన్ గారూ వాచ్‌మనూ వెళ్లేసరికి అతను పారిపోయాడు. పేరు కనుక్కున్నారు. నాకు మీ మీద చాలా కోపంగా ఉందక్కా."

కోపం తీరాక చెప్పు అని రాయబోయి, అంతటి హక్కు తనకు లేదనిపించి, "ఉండాల్సిందే" అని మాత్రం రాసింది.

ఆదివారం పొద్దున అతను ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి కమలాపండు తీశాడు. కాగితం పరవలేదు. పండును అలాగే ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇవాళ మీరే ఒలుచుకోండి."

ఆమెకు అంతా తెలిసిపోయింది. "చదివారన్నమాట."

"మొదట్నుంచీ చదువుతున్నా."

"షాపుకి నాకోసమే వచ్చారా?"

"లేదండీ, తలనొప్పికే వచ్చా. మీ సైటులో అక్షరాలు చీమల్లా ఉంటాయి. కుర్చీలో కూర్చుని, ఆఖరి వరస కనిపించక నోటికొచ్చింది చెప్పేశా. మీరు 'కనిపించకపోతే కనిపించలేదనండి, నటించకండి' అన్నారు. రోజూ చదివే మాట, ఎదురుగా వినిపించింది. గదిలో చీకటిగా ఉంది కాబట్టి నా మొహం మీకు కనపడలేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్దామనే అనుకున్నా. ఈలోగా పండు ఒలిచా, మీ మొహం వెలిగిపోయింది. ఇక నోరు పెగల్లేదు. ఒక్కో మార్కూ పడుతుంటే ఆశ పెరిగింది."

"అంటే మూడు నెలలూ అక్షరాలు కనిపించకుండానే చదివేశారు. పాసయ్యారు. తప్పు అద్దాలు నేను పెట్టుకోబోయాను."

అతను తలొంచుకున్నాడు. ఆమెకు కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది, లేచి వెళ్లిపోవాలనీ ఉంది. కానీ ఈ వారం తాను చేసిన పని కూడా గుర్తుంది. అందుకని, షాపులో కుర్చీ పక్కన నిలబడినట్టే గొంతు సవరించుకుంది.

"సరే. ఇప్పుడు అడుగుతా. ఉన్నది చెప్పండి. 'చివరి ట్రాము'?"

అతను నిజంగా పరీక్షకు కూర్చున్నవాడిలా చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "మూడో భాగంలో నిద్రపోయా."

ఆమెకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. "'నాలుగో బల్ల'?"

"ఆరు వేళ్లు చూసి తెగ నవ్వా. ఒక్క పండుకి రెండు పేజీలు... కొంచెం అతి."

"రెండు గొడుగులు?"

"ఒక్కటుంటేనే నాకిష్టం. తడిసినా."

"కోపం తీరాక చెప్పమనడం?"

 "అది మాత్రం మీ దగ్గరే నేర్చుకున్నా. అంతకుముందు నేనూ అరిచేవాణ్ణే. ఇంట్లో మా అమ్మ మీద, పనిలో కుర్రాళ్ల మీద. ఇప్పుడు అరవను. అది నటన కాదండీ."

ఆమె చేతులకు ఏదో ఒక పని కావాలన్నట్టు పండు ఒలవడం మొదలుపెట్టింది. తొనలు విడదీసి, అలవాటు కొద్దీ పీచు తీసి బెంచీ మీద, ఇద్దరి మధ్యా పెడుతోంది. అతను ఎటో చూస్తూ ఆ పీచు ఒక్కొక్కటే తీసుకుని నోట్లో వేసుకుంటున్నాడు.

ఆమె చేతులు ఆగాయి. మూడు నెలలుగా కళ్లముందు జరుగుతున్నదే. ఆరువేళ్లవాడు పీచు రుమాలు మీద పేర్చాడు గానీ తినలేదు. తినమని ఆమె ఎక్కడా రాయలేదు.

"అదెందుకు తింటారు?"

"ఏది?" అతను తన వేళ్లకేసి చూసుకుని సిగ్గుపడ్డాడు. "ఇదా? చిన్నప్పట్నుంచీ అంతే. నాకు తొనకన్నా ఇదే ఇష్టం. ఎవరన్నా చూస్తే నవ్వుతారని చెప్పను."

అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె ఇంకో తొన మీది పీచు మొత్తం, తెగకుండా జాగ్రత్తగా తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఒక్క వరసే అయింది" అంది. "మిగతావి వచ్చే ఆదివారం చదువుదురుగాని."