వీపు వెనక గంట

నేను క్లబ్బులో చేరింది ఒడియా బాగా నేర్చుకోడానికి. సేవ సంగతి తరవాత.

మా పింటూకి మూడేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. "ఇంట్లో తెలుగు, ఈదిలో ఒడియా. రెంటి మజ్జినా గుంటడి నాలిక సిక్కుపడిపోనాది," అని మా అత్త కాసమ్మ తేల్చేసింది. "ఒకటి మానీ. బడికెళ్తే ఒడియాయే కావాల కదా."

ఆ రోజు నుంచి వాడితో తెలుగు మానేశాను. నాకొచ్చిందేమో మా పుట్టినూరు ఆర్యపల్లి ఒడియా, చేపలు బేరమాడే ఒడియా. చదువు ఏడుతోనే ఆగిపోయింది. దాంతో పిల్లాణ్ణి ముద్దు చేద్దామన్నా మాటలు దొరికేవి కావు. తప్పు మాట నేర్పేస్తానేమోనని సగంసేపు నోరు మూసుకునే ఉండేదాన్ని. మా ఆయన సూరత్ మిల్లులో. చెప్పుకుందామంటే ఫోనే దిక్కు.

మా వీధి చివరింటి నీరజక్క నడిపే సేవా క్లబ్బులో అందరూ చదువుకున్న ఆడవాళ్లు. చక్కటి ఒడియా మాట్లాడతారు. వాళ్లలో తిరిగితే నాకొస్తుంది, నా నుంచి వాడికొస్తుంది అనుకున్నాను.

"కలబ్బా!" అంది అత్త. "ఆళ్లు ఫోటోలకి నిలబడతారు. నువ్వేటి సేస్తావు, ఎనకాల కుర్సీలు మోస్తావా?"

మోశాను. ఎండాకాలం గేట్ బజార్‌లో చలివేంద్రం పెడితే గ్లాసులు కడిగాను. ఎవరో ఒకరు పింటూని ఎత్తుకునేవారు, నాకు కాసేపు చేతులు ఖాళీ అయ్యేవి. "నువ్వు తిన్నావా?" అనేవారు. పెళ్లయి బరంపురం వచ్చాక నన్ను ఆ మాట అడిగింది వాళ్లే.

పోయిన నెల క్లబ్బు ఒక బడి గదిలో చిన్నపిల్లలకి చెవుల పరీక్ష పెట్టింది. తల్లి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. ఎదురుగా ఒకరు బొమ్మ ఆడిస్తారు. పరీక్ష చేసే కుర్రాడు పిల్ల వీపు వెనక గంట కొడతాడు. వినపడితే బొమ్మ వదిలేసి వెనక్కి తిరుగుతుంది. బొమ్మ ఆడించే పని నాది.

ఒక్కొక్కళ్లూ గిరుక్కున తిరుగుతుంటే నవ్వొచ్చింది. "నీ బొమ్మ ఎవరికీ నచ్చట్లేదే పావనీ," అని నీరజక్క ఏడిపించింది. మధ్యలో కాస్త ఖాళీ దొరికితే, "మీవాణ్ణీ చూపించేద్దాం, ఎలాగూ ఉన్నాడుగా," అని తనే పింటూని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఈడికేటక్కా, సెవులు బంగారం. తలుపు తీస్తే నా కన్నా ముందే సూస్తాడు. ఠాకురాణి అమ్మోరి యాత్ర డప్పులకి కూడా బెదరనేదు."

బొమ్మ ఆడించాను. గంట మోగింది. పింటూ బొమ్మనే చూస్తున్నాడు.

మళ్లీ మోగింది. తిరగరా నాయనా, అని లోపల్లోపల అనుకుంటూ గంట వైపు చూశాను. వాడు టక్కున తిరిగాడు.

"సూసినావా అక్కా! తిరిగేడు!"

నీరజక్క నవ్వలేదు. "నువ్వు అటు చూశావు పావనీ. నీ కళ్లు చూసి తిరిగాడు. తల దించుకో."

దించుకున్నాను. గంట మోగింది. ఇంకా గట్టిగా మోగింది. తరవాత పళ్లెం మీద గరిటె పెట్టి కొట్టారు. తలెత్తడానికి ధైర్యం చాలక బొమ్మ పట్టుకున్న చేతినే చూస్తున్నాను. ఆ చప్పుడులోనే వాడి చిన్నచిన్న వేళ్లు వచ్చి బొమ్మని లాక్కుంటున్నాయి.

పెద్దాసుపత్రిలో మిషను పరీక్ష చేయించాలి, ఇంకా ముందే తీసుకురావలసింది, అని కుర్రాడు ఒడియాలో మెల్లగా చెప్పాడు. ఒక్క ముక్క కూడా జారిపోకుండా అర్థమైంది. నేను మానేసిన తెలుగు గానీ, కూడబలుక్కున్న ఒడియా గానీ, ఏదీ వాడి దాకా వెళ్లనే లేదు.

"మాటలొస్తాయేటక్కా?"

"తెలీదమ్మా," అంది నీరజక్క. "సోమవారం నేనూ వస్తాను ఆసుపత్రికి. మీ అత్తగారితో నేను మాట్లాడతాను."

నా చేతిలోంచి బొమ్మ తీసుకుని నా చోట్లో కూర్చుంది. బయట ఇంకా తల్లులు ఎదురుచూస్తున్నారు. పింటూని ఎత్తుకుని గోడవారన నిలబడ్డాను. తరవాతి పిల్ల వచ్చి వాళ్లమ్మ ఒళ్లో కూర్చుంది.

గంట మోగింది. ఆ పిల్ల తిరిగింది. గదిలో అందరం గంట వైపు చూశాం. మమ్మల్ని చూసి, నా చంకలోంచి పింటూ కూడా అటే చూశాడు.