రెండో అంకె

ఉచిత సలహాలకు లోకంలో ఎప్పుడూ కొదవ లేదు. కంపెనీ ఇచ్చిన ఛార్జిషీటు చేతికొచ్చిన గంటలోపే ఆమెకు నాలుగు అందాయి. ఒకరు కాళ్ల మీద పడమన్నారు, ఒకరు ఎదురు తిరగమన్నారు, ఒకరు డాక్టరు సర్టిఫికెట్ పంపి ఇంట్లో పడుకోమన్నారు. నాలుగోది బావగారిది. భర్తకు అన్న, పైగా అదే కంపెనీ ఆఫీసులో గుమాస్తా. అందుకే ఆయన సలహా టైపు చేసి మరీ వచ్చింది.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా? కింద సంతకం పెట్టు. మేనేజరుగారు మనసున్న మనిషి, నేను మాట్లాడాను," అన్నాడు.

'తెలిసి తెలిసీ తప్పుడు అంకె రాశాను, క్షమించగలరు' అని ఉంది అందులో. ఆమె పెన్ను మూత కూడా తీసింది. పద్నాలుగేళ్ల ఉద్యోగం. భర్త నడుము దెబ్బతిని మంచాన పడ్డాక ఆ ఇంటికి అదొక్కటే ఆధారం. ఎందుకో చెయ్యి ఆడలేదు. "రేపిస్తాను బావగారూ," అని మూత పెట్టేసింది.

యూనియన్ గది టైర్ల షాపు మీద ఉంటుంది. సాయంత్రాలు అక్కడ కూర్చునే పెద్దమనిషిని అందరూ నిదానం అంటారు. ఏ కాగితాన్నయినా మూడుసార్లు చదవనిదే ఆయన నోరు విప్పడు. ఆయనదీ ఆమె పనిచేసే గిడ్డంగిలోనే ఉద్యోగం, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఆమెకు మాత్రం చేరిన రోజు నుంచీ బాబాయే.

వాళ్లది మందులు దాచే చల్లగది. రెండు గంటలకోసారి ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్లి, వెనక గోడ మీద మీటరు చూసి, రిజిస్టరులో అంకె వేయాలి. లావుపాటి కోటు, చేతితొడుగులు, బూట్లు వేసుకోవడం, విప్పడం పెద్ద తతంగం. అందుకని ఒక అలవాటు పడిపోయింది: వెళ్లొచ్చినవాళ్లు తర్వాతి గడి కూడా అదే అంకెతో నింపేస్తారు. ఒకరు వెళ్తే ఇద్దరు వెళ్లినట్టు. పోయిన మంగళవారం పన్నెండింటికి ఆమె చూసినప్పుడు నాలుగు డిగ్రీలుంది. రెండింటి గడిలోనూ నాలుగే వేసింది. ఒంటిగంటకు లోపల యంత్రం ఆగింది. నాలుగింటికి ఎవరో చూసేసరికి గది గదంతా వెచ్చబడి మందులు పాడయ్యాయి. అవి ఎవరి ఒంట్లోకి వెళ్లాల్సినవోనని తలుచుకుంటే ఆ రోజు నుంచీ ఆమెకు అన్నం సహించడం లేదు.

నిదానం ఛార్జిషీటునూ, బావగారి కాగితాన్నీ మూడేసిసార్లు చదివాడు.

"రెండింటి అంకె చూసే వేశావా?"

"చూశాను బాబాయ్."

ఆయన కాగితాలు మడిచి వెనక్కిచ్చేశాడు. "నాతో అబద్ధం చెప్తే, రేపు విచారణలో దాన్ని నేను మోయాలి. వాళ్లు ఒక్క ప్రశ్నతో ఇద్దర్నీ పడగొడతారు. మళ్లీ అడుగుతున్నా."

ఆమె తల దించుకుంది. "చూడలేదు."

"అందరికీ ఉన్న అలవాటేనని చెప్పలేదేం?"

"ఎవరు మొదలుపెట్టారని అడుగుతారు కదా."

కింద షాపులో టైరుకు గాలి కొడుతున్నారు. పదకొండేళ్ల కిందట ఆమెకు ఏడో నెల. చలిలోకి వెళ్లొస్తే కడుపు బిగుసుకుపోయేది. పని మార్చమంటే సూపర్‌వైజరు కుదరదన్నాడు. జత డ్యూటీలో ఉన్న నిదానం తన వంతుకు వెళ్లొచ్చి ఆమె గడి కూడా నింపేవాడు. బిడ్డ క్షేమంగా పుట్టింది. అలవాటు అక్కడే ఉండిపోయింది.

ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. సంతకం సంగతి అంతకంటే ఘోరం. మీ బావ తెచ్చిన దాని మీద పెట్టకు. 'తెలిసి తెలిసీ' అన్న మాట చాలు నిన్ను తీసేయడానికి. జవాబుకు వారం గడువుంది. 'ఛార్జిషీటు అందింది, ఆర్నెల్ల రిజిస్టరు నకళ్లు ఇవ్వండి, విచారణకు నాతో ఒకరిని తెచ్చుకుంటాను.' ఈ మూడూ రాయి, చాలు. విచారణలో నిజం చెప్పు."

"ఉద్యోగం నిలుస్తుందా?"

"తెలీదమ్మా. నిలుస్తుందని ఒట్టేసేవాణ్ణి నమ్మకు, అది నేనైనా సరే. ఇంకోమాట. నీ పక్కన నేను కూర్చోకూడదు. ఇందులో నా చెయ్యి ఉంది. నన్ను కాపాడుకోడానికి నాకే తెలీకుండా నీకు వంకర సలహా ఇచ్చేస్తాను. మన యూనియన్ పెద్దాఫీసు నుంచి ఒకావిడ వస్తుంది, ఆవిడ మాట విను. నేను సాక్షిగా వస్తా."

"వద్దు బాబాయ్. ఎనిమిది నెలలేగా మీకు."

"అందుకే ఉద్యోగంలో ఉండగానే చెప్పాలి," అన్నాడు.

విచారణ గదిలో ఆర్నెల్ల నకళ్లు బల్ల మీద పరిచారు. ప్రతి పేజీలోనూ జంట అంకెలు, ఒకే చేత్తో, ఒకే సిరాతో. పెద్దాఫీసావిడ సాక్షిని పిలిచింది. "ఈ అలవాటు నేను పెట్టింది. తప్పే," అన్నాడు నిదానం. ఎందుకు పెట్టాడో కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

ఇరవై రోజులకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఉద్యోగం నిలిచింది. అదే వారం నిదానానికి ఛార్జిషీటు వచ్చింది.

"నీ గండం గడిచిందిగా, ఇక ఆ మెట్లెక్కకు," అన్నాడు బావగారు గేటు దగ్గర. ఆమె విని, తిన్నగా వెళ్లి ఆ మెట్లే ఎక్కింది.

నిదానం ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా సగం రాసిన రాజీనామా.

"ఈ వయసులో గొడవెందుకని," అన్నాడు, అడక్కముందే.

ఆమె ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టింది. "వారం గడువుంది బాబాయ్. పెద్దాఫీసావిడ రేపు పదింటికి వస్తానంది. సాక్షిని నేనే."

ఛార్జిషీటు తీసుకుని మొదట్నుంచీ చదివింది. ఆయన ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, రెండోసారి చదివింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని మూడోసారి మొదలుపెట్టింది.