రాతి మీద నా వైపు

పొగాకు దండ గుచ్చుతుంటే చేతికి అంటుకునే జిగురు సబ్బుకి పోదు, బూడిదకీ పోదు. పెళ్లైన కొత్తలో ఆ చేతుల్తో నేను పిసికిన రొట్టె తిని మా కోడిపుంజు కూయడం మానేసి దగ్గడం మొదలుపెట్టింది. అబద్ధమైతే మా ఊరి కోళ్లనడగండి. తెల్లారకముందే చేలోకెళ్లి ఆకు కోసేది ఆడవాళ్లం, గుచ్చేది ఆడవాళ్లం, ఆరబెట్టేదీ మేమే. నీడన కూర్చుని కాల్చడం మాత్రం మగవాళ్ల పని. పాపం, ఎంత కష్టమో!

"ఆడది సిగరెట్టు ముట్టిస్తే ఇంటి కప్పు లేచిపోద్దే స్తానికా," అనేవాడు మా ఆయన ద్రాగుతిన్, పొగ నా మొహం మీదికే వదులుతూ. ఓ మధ్యాహ్నం ఆయన పెట్టెలోంచి ఒకటి తీసి, పంది మాంసానికి పొగబెట్టే కొట్లో దూరి ముట్టించాను. కప్పు వంకే చూస్తూ కూర్చున్నాను. ఒక్క పెంకు కదల్లేదు. ఆ కొట్లో ఏ పొగ ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? అప్పట్నుంచీ ఆ ఇంట్లో నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. కబుర్లన్నీ పైన వేలాడే తొడ మాంసాలతోనే. ద్రాగుతిన్‌కి చెప్పని సంగతులన్నీ వాటికి చెప్పాను. అవి మధ్యలో అడ్డుపడవు, పులుసులో ఉప్పెక్కువైందనవు. "మా కోడలు పొగబెడితే ఆ రుచే వేరమ్మా," అని అత్తగారు ఊరంతా చెప్పుకునేది.

ద్రాగుతిన్ పోయాక సమాధి రాయి వేయించాం. మా దగ్గర మొగుడి పేరు పక్కనే బతికున్న పెళ్లాం పేరూ చెక్కేస్తారు. పోయిన తేదీ ఒక్కటే ఖాళీగా ఉంటుంది.

నిన్న పెద్దల దినం. రాతి మీద ఉడికించిన గోధుమలు, రొట్టె, సారా పెట్టాం. మా అబ్బాయి రదొవాన్ సిగరెట్టు వెలిగించి, ఒక్క దమ్ము లాగి, నాన్న పేరు దగ్గర ఉంచాడు. పోయినవాళ్లకి ఏది ఇష్టమో అది పెట్టాలి కదా. చుట్టూ చూశాను. రాళ్ల మీద మగవాళ్ల పేర్లున్న వైపులన్నీ రైలింజన్లలా పొగలు కక్కుతున్నాయి. ఆడవాళ్ల పేర్ల దగ్గర కాఫీ కప్పులు.

మా ఆడపడుచు జివ్కా తలగుడ్డ కొసతో నా పేరు తుడుస్తూ, "నువ్వేం దిగులుపడకు వదినా, నువ్వు పోయాక ఏడాదేడాదీ తియ్యటి కాఫీ తెచ్చి పెడతాగా," అంది, ప్రేమగానే.

నాకు కాఫీ పడదు. తాగితే గుండె దడ. ఇన్నేళ్లూ అందరికీ కాచి పోశాను. నా చేతిలో కప్పు లేదని ఒక్కరూ చూడలేదు. నేనెవరో తెలిసినవి ఆ తొడ మాంసాలే. వాటినీ తినేశారు. రేపు నేనీ రాతి కింద పడుకుంటే, వీళ్లు కాఫీ పోసేది ఎవరికో!

రదొవాన్ ముందున్న పెట్టెలోంచి ఒక సిగరెట్టు తీసి వెలిగించాను. నా పేరున్న వైపు వెళ్లి కూర్చున్నాను. పక్క సమాధుల దగ్గరివాళ్లు తలలు తిప్పి చూశారు. జివ్కా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"అమ్మా, నాన్నది అటు వైపు. ఇటు నీది," అన్నాడు రదొవాన్ చిన్నగా. "నువ్వింకా బతికే ఉన్నావు కదే!"

"అందుకేరా," అన్నాను గట్టిగా ఒక దమ్ము లాగి, "రాతి మీద పెట్టకుండా కాలుస్తున్నాను."