భావనారాయణ పాతిన రాయి

అమీను భావనారాయణ పోయి చాలా ఏళ్లయింది. నా కడుపుమంట మాత్రం పోలేదు. జయపురం ఎస్టేటు రోజుల్లో కొట్పాడ్ అవతల రాజావారి వేట అడివికి హద్దు వేసింది అతనే. మా అయ్య ఆదాము మెట్టపొలానికి పైన ఒక గెడ్డ, కింద ఒక గెడ్డ పారేవి. అడివి హద్దు పైగెడ్డ. అతను రాయి తెచ్చి కిందగెడ్డ ఒడ్డున పాతాడు. పొలం అడివిలో కలిసిపోయింది.

"కిరస్తానపోడివి, నీకు పరలోకం ఉంది కదరా ఆదామూ. మెట్ట దేనికి?" అని నవ్వాడట పైగా.

ఆ ఏడే నా బడి మాన్పించి కూలికి పంపారు.

తర్వాత ఆ అడివి సర్కారుదైంది. ఈమధ్య గేటు పెట్టి, నేషనల్ పార్కు చేస్తామని బోర్డు కట్టారు. తెల్లారేసరికి జీపుల్లో జనం జింకల్ని చూడడానికి వస్తున్నారు. నేను అటు కాలు పెట్టలేదు.

మా అమ్మాయి వసంతకుమారికి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. వెళ్లేముందు పట్టుబట్టింది.

"పుట్టినకాడ్నించీ ఆ రాయి గురించే సెప్తన్నావు. ఓపాలి సూపించు నాన్నా. నానూ రెండు తిట్లు తిట్టేసి పోతాను."

మసక వీడకముందే గేటు చేరాం. ఇప్పపూలు రాలే కాలం. మంచులో ఆ తీపి వాసన గొంతుకు అడ్డం పడుతోంది. గార్డు లక్ష్మణుడు కంబళి కప్పుకుని చలి కాచుకుంటున్నాడు. లోపలికి చెయ్యి చూపి, ఒడియాలో "భాలు అచ్చి" అన్నాడు.

చెవులమీదుగా ముసుగేసుకున్న వసంత అప్పటికే గేటు దాటింది.

"ఏటంటన్నాడు?"

"భొలో అచ్చి అంటన్నాడు. అంతా బాగుందంట. నువ్వు నడు అమ్మీ, వస్తన్నాను."

నేను వెనక ఆగింది గార్డుతో పోట్లాడడానికి. "మా బూమి మింగేసి భొలో అంటావేటి? ఎవడికి భొలో?"

అతను తెల్లబోయాడు. లేచి, రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు గోళ్లలా వంచి, ఊగుతూ నడిచి చూపించాడు.

"భొలో నుహే బాబూ. భాలు."

భాలు. ఎలుగుబంటి. సంతలో నేర్చిన నా ఒడియా నా పిల్లని దానిమీదికి పంపింది.

చెప్పులు వదిలి పరుగెత్తాను. కేకేద్దామంటే అది ఉలిక్కిపడి మీద పడుతుందేమోనని భయం. కిందగెడ్డ దగ్గర వసంత రాయి వెనక వంగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. గెడ్డకు అవతల ఒకప్పటి మా మెట్టలో, మా అయ్య నాటిన ఇప్పచెట్టు కింద, తల్లి ఎలుగు పిల్లతో పూలు ఏరుకు తింటోంది. లక్ష్మణుడు మా ఇద్దరి చేతులూ పట్టి, చప్పుడు కాకుండా వెనక్కి నడిపించాడు.

గేటు దగ్గరకొచ్చాక నేలమీద కూలబడ్డాను.

"నువ్వు సెప్పే రాయి ఇదేనా అని ఆగేను నాన్నా. తిడదారని వొంగేను. తలెత్తితే అవతల అది."

"తిట్టేవా మరి?"

"నోరొస్తేగా." ఏడుస్తూనే నవ్వింది.

లక్ష్మణుడు టీ కాచి ఇచ్చాడు. "భొలో?" అన్నాడు నవ్వుతూ.

"భొలో," అన్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆ టీ నాకు తియ్యగా దిగింది.

భావనారాయణ రాయిని న్యాయంగా పైగెడ్డ దగ్గరే పాతి ఉంటే, నా పిల్ల ఆ చెట్టు కిందినుంచే నడిచేది. అలాగని అతన్ని క్షమించలేదు. కాని ఆ అడివికి నేను పోగొట్టుకున్నదెంతో ఇప్పుడు సరిగ్గా చెప్పగలను. ఎకరా డెబ్బై సెంట్ల మెట్ట, ఒక ఇప్పచెట్టు. అంతే.