నల్లరాళ్ల ఇల్లు

అత్తగారి చేతిసంచీ మీద జ్ఞానప్రసూనకి అనుమానం వచ్చింది.

పోర్ట్‌లాండ్ ఆసుపత్రి వంటగదిలో తనతో పనిచేసే డల్సీ ఆంటీ, ఈ నేల ఆదివాసులైన తన పూర్వీకులు కట్టుకున్న ఇళ్లు చూపిస్తానని అత్తాకోడళ్లని కోండా అనే చెరువు దగ్గరికి తీసుకొచ్చింది. అర్ధచంద్రాకారంగా పేర్చిన నల్లరాళ్ల గోడలు మోకాలెత్తున మిగిలాయక్కడ.

"ఒక్క రాయి కదపొద్దు. కిందటేడు ఎవరో కార్లో వేసుకుపోయారు. అప్పట్నించీ బయటివాళ్లని తేవడం మానేశాను. నువ్వు గనక తెచ్చాను" అంది డల్సీ.

జ్ఞాన ఆ మాట తెలుగులో చెప్పింది. అత్తగారు సీతాదేవిగారు తలూపారు. ఊపారే గాని, ఆ తర్వాత కాసేపు కనబడలేదు. వచ్చేసరికి చేతులనిండా మట్టి. ఈ దేశంలో దిగిన దగ్గర్నించీ ఆవిడది ఒకటే గోల, మిక్సీ పచ్చడి నోట పెట్టలేకపోతున్నాను, నూరుకోడానికి ఒక్క రాయి దొరకదా అని.

"సంచీ ఇటివ్వండి అత్తయ్యగారూ, నేను మోస్తాను."

"నా చేతులేం పడిపోయాయే?"

"బరువుగా ఉన్నట్టుంటేనూ..."

"నీ చూపే బరువుగా ఉంది మహాతల్లీ!" అంటూ ఆవిడ సంచీ బోర్లించారు. పులిహోర డబ్బా, నీళ్ల సీసా, కళ్లజోడు. అంతే.

జ్ఞానకి సిగ్గేసింది. మరి చేతులకి ఆ మట్టెక్కడిది?

ఇంతలో గోడ వెనకనించి డల్సీ కేక వేసింది. గోడ పైవరసలో ఖాళీ. దాని పక్కనే నేలమీద రాయి మీద రాయి, బుల్లి గోపురంలా. డల్సీ జ్ఞాన వైపే చూస్తోంది.

చూడగానే జ్ఞానకి తెలిసిపోయింది. తిరుమల నడకదారి పొడుగునా ఇలాంటివే, సొంతిల్లు కావాలని మొక్కుకున్నవాళ్లు పేర్చినవి. ఊరుకుంటే నింద ఇంకెవరిమీదకో పోతుంది. చెబితే డల్సీ మళ్లీ తన మొహం చూస్తుందా?

"మీరేనా అత్తయ్యగారూ?"

"ఇంకెన్నాళ్లే మీకీ అద్దెకొంపలు? దణ్ణం పెట్టుకుని మరీ పేర్చాను. ఎత్తుకుపోయానా ఏమన్నానా?"

జ్ఞాన అంతా డల్సీకి చెప్పేసింది. డల్సీ నవ్వలేదు.

"మీకు ఇల్లు కావాలని మా ఇంటి గోడ విప్పారా?"

జ్ఞాన ఆ మాటని ఏమాత్రం మెత్తబరచకుండా తెలుగు చేసింది. సీతాదేవిగారి మొహం మాడిపోయింది. వంగి పైరాయి అందుకోబోయారు.

"ముట్టుకోవద్దని చెప్పు" అంది డల్సీ. ఒక్కొక్క రాయీ తనే తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ గోడలో సర్దింది.

తిరిగి కారు దగ్గరికి వెళ్లేటప్పుడు, వాళ్లిద్దర్నీ ముందు నడవమని డల్సీ వెనకాల వచ్చింది.