చిటికెడు తవుడు

తెనాలిలో కళాయి అబూబకర్ కొట్టు తెలియనివాళ్ళు ఉన్నారంటే వాళ్ళింట్లో ఇత్తడి గిన్నె లేదన్నమాట. ఆ లెక్కన ఇప్పుడు ఊళ్ళో ముప్పాతిక మందికి తెలియదు. స్టీలు వచ్చింది, దాని వెనకాల ఇంకేవేవో వచ్చాయి. ఒకప్పుడు మార్కెట్ వెనక సందులో ఏడు కొలుములు మండేవి. 2008 వేసవి నాటికి ఒక్కటే మిగిలింది. పెళ్ళి వంటల కాంట్రాక్టర్ల గుండిగలూ గంగాళాలూ లేకపోతే అదీ ఎప్పుడో చల్లారిపోయేది.

అబూబకర్‌కి ఓ అలవాటుంది. గిన్నె కొలిమి మీద బాగా కాగాక, ఇక తగరం పూయాలనగా, వచ్చినవాళ్ళకి వీపు తిప్పేస్తాడు. భుజం మీది తువ్వాలు అడ్డం పెట్టుకుని, మొలలో దోపుకున్న గుడ్డసంచిలోంచి ఏదో చిటికెడు తీసి గిన్నెలో వేస్తాడు. కళ్ళు చికిలించి చూస్తాడు. అప్పుడు ఇటు తిరిగి నవాసారం పొడి చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పుతాడు. మసి పట్టిన గిన్నె లోపలంతా తెల్లగా మెరుస్తుంది. ఏం వేశావయ్యా అని ఎవరన్నా అడిగితే, "దేవుడి పేరండి" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే జవాబు.

ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం బాపట్ల నుంచి పున్నారావు అనే పెద్దమనిషి గిన్నె పట్టుకుని వచ్చాడు. వ్యవసాయ కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యానని తనే చెప్పాడు. బల్ల మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, నోటుబుక్కు తెరిచాడు. కళాయి పోయించుకోడానికి నోటుబుక్కుతో వచ్చినవాణ్ణి అబూబకర్ ఇంతవరకూ చూడలేదు. సరే, ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని గిన్నె కొలిమికెక్కించాడు. అది కాగింది. వీపు తిప్పాడు.

"తవుడు ఇప్పుడు వేస్తారాండీ?" అన్నాడు పున్నారావు.

అబూబకర్ చేతిలో పట్టకారు జారిపోయింది. గిన్నె బొగ్గుల్లో పడింది.

"ఏంటండీ అన్నారు?"

"తవుడండీ. చిటికెడు వేస్తే, అది వక్కరంగుకి రాగానే తగరం పూయాలి. నల్లబడితే గిన్నె మాడినట్టు. మీ అమ్మాయి హీనా రాసిందిగా. మీరు చెబితేనే రాసిందనుకున్నాను."

అబూబకర్ చెప్పలేదు. చెప్పే ప్రశ్నే లేదు. పద్నాలుగో ఏట రేపల్లెలో వలి ఉస్తాదు దగ్గర పనికి చేరాడు. తిత్తి ఊదడానికి మూడేళ్ళు, దూది పట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఆరో ఏడు ఉస్తాదు దోసెడు ఉప్పు ముందు కూర్చోబెట్టి, దాని మీద చెయ్యి వేయించి, తవుడు సంగతి చెప్పాడు. నీ కొడుక్కో అల్లుడికో తప్ప మూడో చెవిన పడకూడదన్నాడు. ఆ ఉప్పు తిన్నవాడు అబూబకర్. కొడుకులు లేరు, అల్లుడింకా రాలేదు. ఉన్నది ఒక్క కూతురు. స్కూలు లేనప్పుడల్లా కొట్టుకొచ్చి కొలిమికి అవతల పక్కన కూర్చుని తిత్తి తొక్కేది. వచ్చినవాళ్ళకి వీపు తిప్పానని మురిసిపోయాడే గాని, ప్రతిసారీ ఆ పిల్లకి ఎదురుగా తిరుగుతున్నానన్న బుద్ధి ఆ మహానుభావుడికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పుట్టలేదు.

పట్టపగలు కొట్టు మూసేశాడు. కూతురి దగ్గరికి బయల్దేరాడు. సగం అయిన గిన్నె పట్టుకుని పున్నారావు అతని వెనకే నడిచాడు.

హీనా స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ చూసుకుంటుంది. జనం లేనప్పుడు ఏదో టకటకా కొడుతూ ఉంటుందని తండ్రికి తెలుసు. ఆమె చేసేది వికీలో రాయడం. ఎవరైనా ఏ ఊరి నుంచైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్ని ఎవరైనా దిద్దొచ్చు, అలా ఊరూ పేరూ తెలియని జనం కలిసి తెలుగులో ఓ పెద్ద విజ్ఞాన సర్వస్వం కడుతున్నారు. హీనా మొదట పక్క ఊరు సంగం జాగర్లమూడి గురించి నాలుగు ముక్కలు రాసింది, తర్వాత భట్టిప్రోలు పేజీలో తప్పులు దిద్దింది. పోయిన నెల 'కళాయి' అని కొత్త పేజీ మొదలుపెట్టింది.

తండ్రి అరవలేదు. అరిచినా బాగుండేది.

"తీసెయ్" అన్నాడు.

హీనా మొహం పాలిపోయింది. "ఈ పని ఎక్కడా రాసి లేదు అబ్బాజాన్. మీతోనే పోతుందేమోనని..."

"పని పోతే పోనీ. మాట ఉండాలి. ఉప్పు మీద చెయ్యేసి ఇచ్చిన మాట."

ఆమె పేజీ తెరిచి, తవుడు వాక్యం చెరిపేసి, భద్రపరచు మీట నొక్కింది. అబూబకర్ ఊపిరి తీసుకున్నాడు. నాలుగు నిమిషాలకి హీనా మళ్ళీ పేజీ తెరిస్తే వాక్యం ఎప్పటిలా అక్కడే ఉంది.

"కృష్ణకాంత్ అని ఒకాయన, అబ్బా. మంచి వాక్యం ఎవరో పాడుచేశారనుకుని తిరిగి పెట్టేశాడు."

"ఎవరా కృష్ణకాంత్? జీతగాడా?"

"ఎవరికీ జీతం లేదు."

"జీతం లేకుండా కాపలా ఎందుకు కాస్తున్నాడు?"

హీనా ఆ పేజీ పైన చరిత్ర అని ఉన్నచోట నొక్కి చూపించింది. ఆ పేజీ పుట్టినప్పటి నుంచి ఎవరెవరు ఏ రోజు ఏ గంటకి ఏ మాట పెట్టారో, ఏ మాట తీశారో, అన్నీ వరసగా ఉన్నాయి. మొత్తం నలభై ఒక్క మార్పులు. ఇందాక తాను తీసేయించింది కూడా అందులో చేరింది. తీసేసినవీ ఎక్కడికీ పోవట, ఏ రోజుటి పేజీ కావాలంటే ఆ రోజుటిది తెరుచుకుంటుందట. అబూబకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన కొలిమికి కూతురు ఒక్కతే తిత్తి తొక్కింది, ఈ గిన్నెకి ఇంతమంది పూత వేశారా అనుకున్నాడు. భయమేసింది. భయం కింద ఇంకేదో కదిలింది, దానికి పేరు వెంటనే తట్టలేదు.

పున్నారావు గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది కూడా ఉందండి. ఈ తవుడు మాటకి ఆధారం ఏంటి, చూపించకపోతే తీసేస్తానని దాని పక్కనుండే చర్చ పేజీలో పెట్టింది నేనే. పుస్తకాలన్నీ వెతికాను, ఎక్కడా లేదు. తెనాలిలో మా నాన్న చేసేది ఈ పనేనని అమ్మాయి రాస్తే, కళ్ళారా చూద్దామని గిన్నె పట్టుకుని వచ్చాను. ఈలోగా ఆ చర్చలో కొందరు జవాబులు రాశారు. అమ్మా హీనా, అవి ఒకసారి చదువు."

హీనా చదివింది. నంద్యాల నుంచి ఒకాయన: "మా తాత కళాయి పనివాడు. ఆయన తవుడు కాదు, జొన్నపిండి వేసేవాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఇక్కడ చూసి ఆశ్చర్యపోయాను." విజయనగరం నుంచి ఒకావిడ: "మా మామగారు చోడిపిండి, అదే రాగిపిండి, వేసేవారు. ఇది మా ఇంటి రహస్యమని ఇన్నాళ్ళూ అనుకున్నాం." హిందూపురం నుంచి ఒక కుర్రాడు: "మాదీ రాగిపిండే. మా నాన్న కూడా వీపు తిప్పేవాడు."

"మళ్ళీ చదువు" అన్నాడు అబూబకర్.

మళ్ళీ చదివింది. మూడోసారి కూడా చదివించుకున్నాడు. వాళ్ళెవర్నీ అతను చూడలేదు, చూడబోడు. ఏ నేలలో ఏ గింజ పండితే ఆ పిండి చిటికెడు తీసి, తువ్వాలు అడ్డం పెట్టుకుని, లోకానికి వీపు తిప్పి, ఇది నాకొక్కడికే తెలుసనుకుంటూ అంతమంది మగాళ్ళు అన్ని ఊళ్ళలో అన్ని కొలుముల ముందు కూర్చున్నారు. ఒకణ్ణుంచి ఒకడు దాచుకున్నది ఒకటే. అబూబకర్ ముప్పై ఏళ్ళుగా తాను ఒంటరిగా పనిచేస్తున్నాననుకున్నాడు. తన పక్కన ఇంత పెద్ద వరుస ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని అందరూ ఒట్టు వేశారు మరి.

అయినా మాట మాటే. ఉస్తాదు పోయాడు గాని ఆయన భార్య జానీ బీ రేపల్లెలో ఉంది. "ఆ అమ్మ ఉంచమంటే ఉంచండి. వద్దంటే తీసెయ్యాలి" అన్నాడు.

"ఆవిడ వద్దంటే నేనే తీసి, ఎందుకు తీశానో చర్చలో రాస్తానండి. ఎలాగూ ఆధారం లేనిదే కదా. కృష్ణకాంత్ కూడా ఒప్పుకుంటాడు" అన్నాడు పున్నారావు.

హీనా తల వంచుకుంది. ఆ ఒక్క వాక్యం కోసం ఆమె ఎన్ని రోజులు పేజీ చుట్టూ తిరిగిందో తండ్రికి చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ రేపల్లె రైలెక్కారు. హీనా పేజీ మొత్తం ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుంది. వేమూరు దాటాక పున్నారావు ఇడ్లీ పొట్లం విప్పి తలా రెండు పెట్టాడు. అబూబకర్ ముట్టుకోలేదు. జానీ బీ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలా అని దారిపొడుగునా అదే యాతన.

జానీ బీకి ఎనభై దాటాయి. చెవులు బాగానే వినిపిస్తాయి, కళ్ళే మసక. స్టేషన్‌కి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. మంచం మీద కూర్చుని అంతా విన్నది. హీనా కాగితాలు చదువుతుంటే నంద్యాల దగ్గర ఒకసారి, విజయనగరం దగ్గర ఒకసారి ఆపి, ఆ ఊళ్ళు ఎంత దూరమని అడిగింది. చదవడం అయ్యింది. అబూబకర్ కింద కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

"నా వల్ల తప్పు జరిగిందమ్మా. మీరు తీసెయ్యమంటే ఇప్పుడే తీయిస్తాను."

"మీ ఉస్తాదు ఈ సంగతి నాక్కూడా చెప్పలేదురా" అంది జానీ బీ.

అబూబకర్ ఇంకా కుంగిపోయాడు.

"నలభై ఏళ్ళు కాపురం చేశాడు, చెప్పలేదు. నేనూ అడగలేదు. పొద్దున్నే సంచి నా ముందు పడేసి తవుడు పొయ్యమనేవాడు. గేదె లేదు, కోళ్ళు లేవు. కళాయి పోసేవాడికి రోజూ తవుడెందుకో ఆలోచించలేనంత వెర్రిదాన్నా నేను?" నోట్లో పళ్ళు లేకపోయినా ఆమె నవ్వు గదంతా వినపడింది. "పాపం, దాచాననుకుని సంతోషంగా ఉన్నాడు. ఉండనిచ్చాను."

హీనా కూడా నవ్వబోయి ఆపుకుంది.

"అయితే ఇందులో ఒకటి రాయలేదేం అమ్మాయ్?" అంది జానీ బీ. "తవుడు, తవుడు అని రాశావు. పచ్చి తవుడు ఎవరిచ్చారు ఆయనకి? రెండ్రోజులు ఉంచితే ముక్కిపోతుంది, పురుగు పడుతుంది. నేను మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పాత ఓణీలో జల్లించి పోసేదాన్ని."

పున్నారావు కళ్ళజోడు తీసేశాడు. "అబూబకర్ గారూ, మీరు ఎలాంటిది వేస్తారు?"

"మిల్లు నుంచి తెచ్చింది తెచ్చినట్టే వేస్తానండి."

"అదీ సంగతి. పచ్చిది తొందరగా రంగు మారుతుంది. వేయించింది ఆలస్యంగా మారుతుంది. అంటే ఉస్తాదు గారి గిన్నె మీ గిన్నె కంటే ఎక్కువ కాగేది. తగరం ఇంకా పల్చగా, ఇంకా నున్నగా పరుచుకుని ఉండాలి."

అబూబకర్ తన అరచేతులు చూసుకున్నాడు. వలి ఉస్తాదు పోసిన కళాయిలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చని రేపల్లెలో అనేవారు. తన కళాయికి ఆ మెరుపు ఎన్నడూ రాలేదు. తన చేతిలో బర్కత్ లేదని, ఉస్తాదు మనస్ఫూర్తిగా దీవించలేదని ముప్పై ఏళ్ళుగా లోపల్లోపల కుమిలాడు, పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఉస్తాదు దాచిందేమీ లేదు. తనకి తెలిసిందంతా చెప్పేశాడు. ఆ వేయించడం సంగతి ఆయనకే తెలియదు. వేయించిన ఆవిడకేమో అది కళాయికి పనికొస్తుందని తెలియదు. ఇద్దరూ ఒకే ఇంట్లో నలభై ఏళ్ళున్నారు. ఆ రెండు సంగతులూ కలుసుకోడానికి తెనాలిలో ఒక పిల్ల ఒట్టు దాటాల్సి వచ్చింది, బాపట్లలో ఒక చాదస్తుడు ఆధారం అడగాల్సి వచ్చింది. అబూబకర్ కళ్ళు తుడుచుకున్నాడు. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"ఉంచమంటారా అమ్మా?" అన్నాడు.

"ఒట్టు పెట్టించుకుంది ఆయన, నేను కాదు. ఉంచు. వేయించాలని కూడా రాయమను. ఎవరో పచ్చిదే వేసి ఇంకా ఏడుస్తుంటారు."

మర్నాడు కొట్టు తీశాక అబూబకర్ చేసిన మొదటి పని పున్నారావు గిన్నె మళ్ళీ కొలిమికెక్కించడం. పున్నారావు బాపట్ల నుంచి తొలి బస్సుకే దిగాడు. హీనా నెట్ సెంటర్‌కి వెళ్ళకుండా తిత్తి దగ్గర కూర్చుంది. పొద్దున్న ఇంట్లో వేయించి జల్లించిన తవుడు సంచిలో ఇంకా వెచ్చగా ఉంది. గిన్నె కాగింది. అలవాటు కొద్దీ అబూబకర్ వీపు తిప్పబోయాడు. ఆగి, పీట జరుపుకుని, సందు వైపుకి తిరిగి కూర్చున్నాడు. తువ్వాలు తీసి కూతురికిచ్చాడు. సందులో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. అందరూ చూస్తుండగా చిటికెడు తవుడు వేశాడు.

అది ఎంతకీ రంగు మారలేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి ఇక చాలు, చాలు అంటోంది. పళ్ళు బిగబట్టి ఆగాడు. వక్కరంగు వచ్చింది. నవాసారం, తగరం, దూది, ఒక్క తిప్పు.

గిన్నెలోంచి ఎవరో అతనివైపు చూశారు. నెరిసిన గడ్డం, బొగ్గు అంటిన ముక్కు, కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. అబూబకర్ చాలాసేపు ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయాడు. పున్నారావు నోటుబుక్కు చేతిలోనే ఉంది గాని ఏమీ రాయలేదు.

సాయంత్రం హీనా నెట్ సెంటర్‌లో కూర్చుని జానీ బీ మాట రాసి భద్రపరిచింది. పావుగంట గడిచిందో లేదో ఆ వాక్యం పక్కన చిన్న అక్షరాలు వెలిశాయి. ఆమె ఇంటికి వచ్చి తండ్రికి చెప్పింది.

"'ఆధారం కావాలి' అని పెట్టారు అబ్బా."

"ఎవరు? కృష్ణకాంతా?"

"కాదు, పున్నారావు గారే. కళ్ళతో చూసినా సరే, నియమం నియమమేనట."

అబూబకర్‌కి కోపం రాలేదు. ఆ మనిషి మీద గౌరవం ఇంకాస్త పెరిగింది. కాళ్ళు కడుక్కుంటూ ఆలోచించాడు.

"దాని కింద మనం రాయొచ్చా?"

"చర్చలో రాయొచ్చు."

"అయితే రాయి. తెనాలి మార్కెట్ వెనక సందు, అబూబకర్ కొట్టు. శుక్రవారం తప్ప అన్ని రోజులూ ఉంటాను. ఆధారం కావాల్సినవాళ్ళు గిన్నె పట్టుకుని రావచ్చు."