పాపయ్య తిడ్తలేడు

పెన్‌పహాడ్ దగ్గరి ఊళ్లో పాపయ్య పేరు చెబితే గొర్రెల కన్నా ముందు ఆయన గొంతు గుర్తొచ్చేది. కాలువకు ఆ ఒడ్డున మందను మేపుతూ, ఈ ఒడ్డునున్న తమ్ముడు లింగయ్యతో ఫోను లేకుండానే మాట్లాడేవాడు. చిక్కేమిటంటే ఇంట్లోనూ అదే గొంతు. చారులో ఉప్పు తగ్గితే తిట్టు, దొడ్డి తలుపు తెరిచి ఉంటే తిట్టు, ఏ తప్పూ దొరక్కపోతే ఎందుకు దొరకలేదని తిట్టు. భార్య సత్తెమ్మ పెళ్లైన కొత్తలో ఏడ్చింది. కొన్నాళ్లకు ఎదురు తిట్టింది. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు విన్నట్టు వినడం అలవాటు చేసుకుంది.

కోడలు ప్రశాంతికి ఆ అలవాటు కాలేదు. ఆమె పుట్టిల్లు కోదాడ. పాపయ్య కొడుకు శ్రీను సూర్యాపేటలో ట్రాక్టర్ల షోరూంలో పనిచేస్తాడు, ప్రశాంతి అక్కడే ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. కిరాయి ఇంట్లో కాపురం. పోయిన దసరాకు ఊరికి వచ్చినప్పుడు, "ఈసారి మటన్ నేను వండుతాను అత్తయ్యా" అని ముచ్చటపడి గరిటె అందుకుంది. పొయ్యి మీద ఎంతసేపు ఉంచినా ముక్క ఉడకలేదు. చుట్టాలంతా బంతిలో కూర్చుని ఉండగా పాపయ్య ముక్క కొరికి, ఆకులో పడేసి, వాడకంతా వినపడేలా అన్నాడు:

"కోదాడ పిల్లకు కూర ఒండుడేం తెలుసు! గొర్రె పానం దండుగ పాయె!"

బంతి బంతంతా నవ్వింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆయన చెల్లెలు యమున అందరికన్నా ఎక్కువ నవ్వింది. ప్రశాంతి గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం శ్రీను బండి వెనక కూర్చున్నప్పుడు మామకు చెప్పకుండానే వెళ్లింది. అప్పటి నుంచి మళ్లీ ఊరి ముఖం చూడలేదు. శ్రీను ఒక్కడే వచ్చి పోతున్నాడు. "బడిల పనున్నదంట" అని తల్లికి చెబుతాడు. ఆమె నమ్మినట్టు తలూపుతుంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఓసారి పాపయ్య గొర్రెల కడుపులో పురుగులు పోయే నట్టల మందు కొనడానికి సూర్యాపేట వెళ్లాడు. పని చూసుకుని బస్టాండుకు నడుస్తుంటే కాలం గాని కాలంలో వాన దంచికొట్టింది. పక్కనే గుడి మంటపం కనిపిస్తే దూరాడు. లోపల ప్రవచనం జరుగుతోంది. చెబుతున్నది త్రివేణమ్మ అనే రిటైర్డు తెలుగు టీచరు. వాన తగ్గేదాకా అని పాపయ్య వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

"ఉపవాసముంటేనే తపస్సు కాదు. మాట కూడా తపస్సే అన్నడు కృష్ణ పరమాత్మ" అంటోంది ఆమె. "మన మాట ఎదుటిమనిషి మనసును కలత పెట్టొద్దు. నిజమై ఉండాలె. వినేటందుకు ఇంపుగ ఉండాలె. మేలు చేసేదై ఉండాలె. ఇవన్నీ ఒక్క మాటలనే ఉండాలె. ఇది అడివిల తపస్సు చేసుకునే మునికి చెప్పింది కాదు. ఇల్లూ వాకిలీ, అన్నదమ్ములూ, కోపతాపాలూ ఉన్న అర్జునుడికి చెప్పింది. అంటే మనకే."

పాపయ్యకు ఇది బొత్తిగా కుదరని బేరంలా తోచింది. కూర్చున్నచోటు నుంచే అడిగేశాడు.

"టీచరమ్మా! నిజమేమో చేదుగుంటది. ఇంపుగ చెప్తే అబద్ధమైతది. మరి ఎట్ల?"

ఆ గొంతుకు ముందు వరసల్లోని వాళ్లంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. త్రివేణమ్మ నవ్వింది.

"మంచిగడిగినవన్నా. రెండూ కలిసిన మాట దొరికేదాక నోరు తెరువకు. ఆగుడు కూడ తపస్సే." ఆమె అందరి వైపూ చూసింది. "మనింటికి రావల్సినోళ్లు ఎవరన్న రాకుండ ఆగిపోయిన్రా? ఎవరి మాటకు ఆగిపోయిన్రో ఎవరికి వాళ్లు యాది చేసుకోండ్రి."

వాన వెలిసింది. పాపయ్య లేచి వచ్చేశాడు. బస్సులో కండక్టరు చిల్లర లేదని విసుక్కుంటే ఎప్పటిలా ఎగిరిపడబోయి, నోరు మూసుకున్నాడు. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ, ఎన్నడూ లేనిది, నెమ్మదిగా అన్నాడు: "చారు మంచిగున్నది."

సత్తెమ్మ చేతిలోని గిన్నె జారినంత పనైంది.

"ఏందీ?"

"చారు. మంచిగున్నదంటున్న."

సత్తెమ్మ దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఒళ్లు చల్లగానే ఉంది. వంగి వాసన చూసింది. తాగినట్టూ లేదు. "ఏం జేసినవ్? గొర్రెలనేమన్న అమ్ముకున్నవా? నాకు తెల్వకుండ ఎవరికన్న జామీను సంతకం పెట్టినవా?" అని నిలదీసింది. పాపయ్య తల అడ్డంగా ఊపి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. దొడ్డి తలుపు తీసి ఉంటే పాపయ్యే వెళ్లి వేసి వచ్చాడు. పాలు పొంగిపోతే స్టవ్వు తుడిచాడు. ఏదో అనడానికి నోరు తెరుస్తాడు, ఆలోచిస్తాడు, మూసేస్తాడు. గొర్రెల దగ్గర మాత్రం ఇరుకున పడ్డాడు. ఈ నియమం గొర్రెలకు వర్తిస్తుందో లేదో టీచరమ్మ చెప్పలేదు. దేనికైనా మంచిదని, పక్కచేలోకి దారితీసిన పొట్టేలును "రా బిడ్డా, గాడ మన్ది కాదు" అని బతిమాలాడు. అది ఆయన వైపు ఓసారి చూసి నింపాదిగా చేలోకి వెళ్లిపోయింది. చూస్తున్న లింగయ్య పరుగున ఇంటికి వచ్చాడు.

"వదినా, అన్నకేదో అయింది. పొట్టేలును బిడ్డా అంటున్నడు!"

ఇక సత్తెమ్మకు ధైర్యం చాలలేదు. కొడుక్కి ఫోన్ చేసి ఏడ్చేసింది. "మీ నాయిన తిడ్తలేడురా! వారం దినాలైతాంది. కూసుంటడు, ఏదో ఆలోచన చేస్తడు. నాకు బుగులైతాంది. నువ్వు జెప్పన రా!"

శ్రీను బండి తీస్తుంటే ప్రశాంతి కూడా చున్నీ సర్దుకుని వెనక కూర్చుంది. "నువ్వెందుకు?" అన్నాడు శ్రీను ఆశ్చర్యంగా. "మామయ్యకు ఒంట్లో బాగాలేకపోతే రాకుండా ఎలా ఉంటాను? పోనివ్వు" అంది.

ఎంత చెప్పినా వినకుండా ముగ్గురూ కలిసి పాపయ్యను ఆటో ఎక్కించి సూర్యాపేటలో ఓ దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూశాడు, బీపీ చూశాడు, నాలుక చాపమన్నాడు.

"ఏం తకలీఫు?" అని అడిగాడు.

పాపయ్య నోరు తెరిచేలోపే సత్తెమ్మ అందుకుంది. "తిడ్తలేడు సారూ."

"ఏంటీ?"

"ఎవల్నీ తిడ్తలేడు. కూర మంచిగున్నదంటడు. చెంబు నాకు అందిస్తడు. మొన్న నేను కూసున్నప్పుడు ఫ్యాను నా దిక్కు తిప్పిండు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, బీపీ నాకంటె మంచిగున్నది ఈయనకు. ఇది రోగమైతే ఊరంతటికీ అంటిస్తే బాగుండు" అని బయటికి పంపేశాడు.

బయట కుర్చీల్లో కూర్చున్నాక శ్రీను అసహనంగా అడిగాడు. "నాయినా, ఏమైందో చెప్పు. అమ్మ పరేషానైతాంది."

పాపయ్య గుడిలో విన్నదంతా చెప్పాడు. నిజం, ఇంపు, మేలు. రెండు మాటలు కూడబలుక్కుని చెప్పే అలవాటు లేక మధ్యమధ్య తడబడ్డాడు. సత్తెమ్మ నోరు వెళ్లబెట్టి వింటోంది. చివరికి ఆయన ప్రశాంతి వైపు తిరిగాడు.

"బిడ్డా, ఆ టీచరమ్మ అడిగింది, ఎవరి మాటకు ఎవరు రాకుండ ఆగిపోయిన్రని. నాకు నువ్వే యాదికొచ్చినవ్. నీతోని చెప్పేదొకటున్నది. నిజమైన మాటే. కానీ చెప్దామంటే నోట్లెకు వస్తలేదు. ఇంపుగ ఉండాలె కదా, ఇది చేదుగున్నదని ఇన్ని దినాలు ఆగిన. ఇప్పుడు నువ్వు బండి దిగి ఉరికొచ్చినవ్ సూడు, అప్పుడు సమజైంది. ఇంపుగ ఉండాల్సింది ఇనేటోళ్లకు. నాకు కాదు."

"ఏంటి మామయ్యా?" అంది ప్రశాంతి మెల్లగా.

"దసరా నాటి గొర్రె ముసలిది. దాని నోట్లె పండ్లు గూడ లేవు. అది ఎంత ఒండినా ఉడకదని నాకు తెలుసు. లేతది కొయ్యబుద్ధి కాక దాన్ని కోసిన. చుట్టాలు నన్నేమంటరో అని, ఆళ్లకంటె ముందుగాల నింద నీ మీదికి నూకిన. నీ చేతి వంటల తప్పు లేదు బిడ్డా. తప్పు నాది."

ప్రశాంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు నిజంగానే వంట రాదేమో అనుకున్నాను మామయ్యా. ఆ రోజు నుంచి మటన్ ముట్టలేదు. ఆదివారం శ్రీను తెస్తానన్నా వద్దనేదాన్ని" అంది.

"అంటే నీ ముసలి గొర్రె పుణ్యాన నేను గిన్ని దినాలు వంకాయ కూర తిన్ననా నాయినా?" అన్నాడు శ్రీను.

ముందు సత్తెమ్మకు నవ్వొచ్చింది. ఆమెను చూసి ప్రశాంతికి వచ్చింది. వరసగా కూర్చున్న రోగులంతా తిరిగి చూస్తున్నా ఆ నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ ప్రశాంతి సరదాగానే అంది: "అయినా మామయ్యా, అన్నదేమో అంతమంది ముందు. చెప్పేదేమో ఇక్కడ చుట్టాలెవరూ లేనిచోటా?"

పాపయ్య దాన్ని సరదాగా తీసుకోలేదు. "నిజమే" అన్నాడు.

నెల తిరక్కముందే యమున కొడుకు పెళ్లి వచ్చింది. మిర్యాలగూడలో ఫంక్షన్ హాలు. దసరాకు వచ్చిన చుట్టాలంతా అక్కడే ఉన్నారు. లింగయ్య మందను చూసుకోవడానికి ఊళ్లోనే ఉండిపోతే, మిగతా నలుగురూ వెళ్లారు. తలంబ్రాలు అయిపోయాయి, భోజనాలు మొదలయ్యాయి, ఓ మూల డీజే మోగుతోంది. కూర వడ్డించగానే పాపయ్య బంతిలోంచి లేచి నిలబడ్డాడు.

"ఓ చుట్టాలూ!"

డీజేను మించి వినపడింది. డీజే అబ్బాయి కంగారుపడి తనే ఆపేశాడు. మటన్ దగ్గర ఏదో తేడా వచ్చిందని, పాపయ్య పెళ్లిలో గొడవ పెట్టుకుంటున్నాడని అందరూ హడలిపోయారు. యమున చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "అన్నా, అన్నా, నీకు దండం పెడత, పెండ్లిల వద్దు..."

"ఆగవే చెల్లె. దసరాకు మా ఇంట్ల మీరందరు తిన్నరు. కూర ఉడకలేదు. నేను మా కోడలిని నోటికొచ్చినట్టన్న, మీరు నవ్విన్రు. ఆనాడు గొర్రె ముసలిది. తెలిసే కోసిన. మా ప్రశాంతి వంటకు ఏం వంక లేదు. మీరు మా ఇంటికి మళ్ల రాండ్రి, ఈసారి లేత పొట్టేలును కోస్త, బిడ్డ ఒండుతది. అప్పుడు చెప్పండ్రి."

హాలులో చివరి వరసలోంచి ఎవరో ముసలాయన గట్టిగా అరిచాడు. "ముసలిదని నాకు ఆనాడే అనుమానమొచ్చిందిరా పాపిగా! నా కట్టుడు పన్ను దానితోనే ఊడింది!"

ఇక నవ్వులు ఆగలేదు. ఈసారి అందరూ పాపయ్యను చూసి నవ్వారు, ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. యమున మాత్రం నవ్వకుండా వెళ్లి ప్రశాంతి పక్కన కూర్చుంది. "ఆనాడు నేనే అందరికంటె ఎక్కువ నవ్విన బిడ్డా. ఏమనుకోకు" అని లడ్డూ తుంచి ఆమె నోట్లో పెట్టింది. ప్రశాంతి మిగతా సగం తీసుకుని యమున నోట్లో పెట్టింది.

భోజనాలయ్యాక హాలు బయట నీడలో నిలబడి ఉండగా సత్తెమ్మ మొగుణ్ని మోచేత్తో పొడిచింది.

"కోడలికి చెప్పినవ్. మరి నాకేమన్న ఉన్నదా చెప్పేది?"

పాపయ్య చాలాసేపు ఆలోచించాడు. సత్తెమ్మ విసుగొచ్చి వెళ్లిపోబోతుంటే అన్నాడు: "నువ్వు లేకుంటే మనిల్లు ఎన్నడో చెదిరిపోతుండె. నేను అదిలించి అందర్ని ఎల్లగొడితే, నువ్వు ఒక్కొక్కల్ని మళ్ల తోలుకొచ్చినవ్."

"చాల్తియ్, జనంల సిగ్గులేదు" అని సత్తెమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కానీ అక్కడి నుంచి కదల్లేదు.

ఆటోలో మిర్యాలగూడ బస్టాండుకు వస్తుండగా కోదాడ నుంచి ప్రశాంతి వాళ్లమ్మ ఫోన్ చేసింది. పెళ్లి ముచ్చట్లన్నీ చెప్పి, ప్రశాంతి ఫోను మామకు ఇచ్చింది. పాపయ్య గొంతు బాగా తగ్గించి, "వదినమ్మా, మంచిగున్నరా? మీ బిడ్డను జూసి మా చుట్టాలంత సంబురపడ్డరు" అన్నాడు.

అవతల నుంచి ఆమె అంది: "ఎంత మంచి మాట చెప్పారు అన్నయ్యగారూ! పిల్లల పెళ్లైన దగ్గర్నుంచీ మీరు మా గడప తొక్కలేదు. మిర్యాలగూడ దాకా వచ్చారుగా, ఇక్కడికి ఎంత దూరం? ఈ పూట వచ్చేయండి. మీకోసం గారెలు వేస్తాను."

పాపయ్య సత్తెమ్మ వైపు చూశాడు. సత్తెమ్మ శ్రీను వైపు చూసింది. రేపు ఆదివారమే, శ్రీనుకూ ప్రశాంతికీ సెలవే. లింగయ్యకు ఫోన్ చేస్తే, "ఇంకొక దినమైనా నేను సూసుకుంట, పో" అన్నాడు.

సూర్యాపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాన్ని దాటుకుని నలుగురూ పక్కనున్న కోదాడ బస్సెక్కారు. ప్రశాంతి కిటికీ పక్క సీటు అత్తకు ఇచ్చి, పుట్టింటి వీధి మొదట్లో ఏ దుకాణముంటుందో, నాన్నకు ఏ స్వీటంటే ఇష్టమో గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంది. హుజూర్‌నగర్ దాటేసరికి సత్తెమ్మ, వియ్యపురాలికి పెట్టడానికి దారిలో పూలూ పండ్లూ ఏం కొనాలో కోడలితో కలిసి తేల్చేసింది.